గ్రంథబంధనమునందు జిగురు



పార్వతీపురమునుండి రాయపూరునకు రైలుమార్గము 1931లో పూర్తియైనది. ఆ దారిని కొండలను అడవులను దాటి వచ్చిన తెలుగు కుటుంబములు బియ్యపు మూటలతోను, ఆవకాయ జాడీలతోను పాటు కొన్ని పుస్తకములనుగూడ తెచ్చుకొన్నవి. ఒక భారతము, ఒక పెద్దబాలశిక్ష, శతకముల సంపుటమొకటి, వావిళ్లవారు అచ్చువేసిన కావ్యమొకటి. తరువాత భిలాయి ఉక్కు కర్మాగారము వెలసినది. 1959లో అచట మొదటి కొలిమి రగిలినది. ఇంకను ఎందరో వచ్చిరి. అంతకు చాల ముందే, ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ వ్రాసిన భండారు అచ్చమాంబ రాయపూరునకు పొరుగుననున్న బిలాసపూరులో 1905లో కన్నుమూసెను. కావున ఛత్తీసుగఢు గడ్డకు తెలుగు పుస్తకము నిన్న మొన్న వచ్చిన చుట్టము కాదు.

ఆ పుస్తకములలో పెక్కింటికి ఇప్పుడు డెబ్బదియో ఎనుబదియో ఏండ్లు. వెన్ను చిట్లినది, ఫారములు విడిపోయినవి, మొదటి పుటయు తుదిపుటయు ఎచ్చటనో జారిపోయినవి. హైదరాబాదులోనో విజయవాడలోనో అయినచో పాతపుస్తకముల యంగళ్లలో మరియొక ప్రతికై వెదకవచ్చును. రాయపూరులో తెలుగు పుస్తకము చెడినచో దాని చోటికి వేరొకటి రాదు. అందుచేత ఇచ్చట బైండింగు పుస్తకమునకు సొగసు కాదు, ప్రాణరక్షణ. అట్ట రంగును గూర్చి అడుగువారున్నారు. బంగారు అక్షరములను గూర్చి అడుగువారున్నారు. జిగురేమి వాడుదువని బైండరును అడుగువారు కానరారు. పుస్తకమును నిలుపునదియు, చెరచునదియు తరచుగా ఆ జిగురే.

బజారులోని బైండరు చేతిపనిలో నేర్పరియే కావచ్చును. కాని తెలుగు లిపి అతనికి తెలియదు. పుటల వరుసను అతడు అంకెలనుబట్టి పేర్చును. పాత తెలుగు పుస్తకములు కొన్నింటిలో పుటల సంఖ్యలుకూడ తెలుగు అంకెలలోనే యుండును. అట్టి పుస్తకము విడి ఆకులుగా అతని చేతికి పోయినచో అరణ్యపర్వము నడుమ సభాపర్వము చేరుట వింత కాదు. ఒకసారి జిగురుపడిన పిమ్మట ఆ తప్పును దిద్దవలెనన్న కాగితము చినుగును. ఇచ్చుటకు ముందు ప్రతి ఆకు మూలను మెత్తని పెన్సిలుతో మామూలు అంకెలు వేసి యిచ్చుట యజమాని పని. ఇంటిలో చేసికొనువారికిని ఇదియే మొదటి పని.

కేంద్రప్రభుత్వ కార్యాలయములలో చిరకాలము పనిచేసిన పెద్దలకు ‘దఫ్తరీ’ అను ఉద్యోగి జ్ఞాపకముండును. కాగితములు సర్దుట, దస్త్రములు కుట్టుట, రిజిస్టరులకు అట్టలు వేయుట అతని పని. మైదాపిండి ఉడికించిన జిగురు గిన్నెయొకటి అతని బల్లక్రింద ఉండెడిది. దానినే హిందీవారు ‘లేయీ’ అందురు. ఆరవ వేతన సంఘపు సిఫార్సుల తరువాత దఫ్తరీ పదవి మల్టీ టాస్కింగ్ స్టాఫులో కలిసిపోయినది. గిన్నెపోయి సీసా వచ్చినది. పని తేలికయైన మాట నిజమే. అయితే గిన్నెలోని జిగురునకును, సీసాలోని జిగురునకును గల భేదము ఒకటి తెల్లనిది, ఒకటి నీలపుది అనునంత మాత్రమే కాదు.

జిగురునందు పరీక్షింపవలసిన గుణములు రెండు. ఎంత గట్టిగా పట్టుననునది ఒకటి. కావలసినపుడు ఎంత సుఖముగా విడుచుననునది రెండవది. బజారు మొదటిదానినే అడుగును. నూరేండ్లు నిలువవలసిన పుస్తకమునకు రెండవదియే ముఖ్యము. పుస్తకమును ఒక్కసారియే బైండు చేయరు. ముప్పది నలువది ఏండ్లకొకసారి ఎవరో ఒకరు దానిని విప్పి మరల కుట్టవలసివచ్చును. అప్పుడు జిగురు విడవనిచో కాగితము విడువవలసివచ్చును. జిగురు ఎప్పుడును కాగితముకంటె బలహీనముగా నుండవలెనని ఈ విద్య నెరిగినవారు చెప్పుట ఇందుకే. ఇది వినుటకు వింతగానుండును. రవికె కుట్టు బట్టకంటె బలమైనదైనచో ఏమగునో ఇల్లాండ్రకు తెలియును.

దీనికి లోకప్రసిద్ధమైన నిదర్శనమొకటి కలదు. 1966 నవంబరు 4న ఇటలీలోని ఫ్లారెన్సు నగరమున ఆర్నో నది పొంగి, అచటి జాతీయ గ్రంథాలయములో వేలకొలది పుస్తకములు బురదలో మునిగెను. వానిని బాగుచేయుటకు అనేక దేశములనుండి నిపుణులు చేరిరి. పుస్తకములను విప్పి, ఆకులను కడిగి, ఆరవేసి, మరల కుట్టిరి. ఆ నిపుణులలో క్రిస్టఫర్ క్లార్క్‌సన్ అను ఆంగ్లేయుడు ఒక సంగతి గమనించెను. గట్టి అట్టలును, జిగురు పూతలును గల గ్రంథములకంటె, మెత్తని తోలుకాగితపు అట్టను కేవలము కుట్టుతో నిలిపిన పాత పుస్తకములు ఆ జలప్రళయమును మేలుగా తట్టుకొన్నవి. వానిలో జిగురు బహు స్వల్పము. తెలుగు తాళపత్రములయందు జిగురు బొత్తిగా లేదన్న మాట ఇచ్చట స్మరింపదగినది. రంధ్రము, దారము, పైన రెండు చెక్కలు, అంతే.

రాయపూరు సదర్ బజారు వర్తకులకు ఎఱ్ఱగుడ్డ బహీఖాతా పరిచితమైనదే. 2019 జూలై 5న ఆర్థికమంత్రి నిర్మలా సీతారామన్ తోలుపెట్టె మాని, ఎఱ్ఱగుడ్డ చుట్టి దారము కట్టిన బహీఖాతా రూపమున బడ్జెటు పత్రములను పార్లమెంటునకు తెచ్చినప్పుడు దేశమంతయు ఆ గుడ్డరంగును చూచినది. అట్టి బహీని కుట్టిన తీరు చూచినవారు తక్కువ. అందు బరువు మోయునది దారమే. జిగురు కుట్టునకు తోడుగా నుండవలెను గాని కుట్టునకు బదులు కారాదు.

ఇక జిగురులలో మొదట చెప్పవలసినది పిండిజిగురు. మైదా అయినను సరే. ఇంకను మేలైనది గోధుమపాలనుండి తీసిన పిండి. హల్వాకై గోధుమపాలు తీయు ఇల్లాండ్రకు ఈ పని వేరుగా నేర్పనక్కరలేదు. మైదాను ముద్దగా కలిపి, కొంతసేపు నాననిచ్చి, నీటిలో పిసికినచో తెల్లని పాలు దిగును. చేతిలో సాగుడు ముద్దయొకటి మిగులును. ఆ సాగుడు పదార్థమే కాలక్రమమున పసుపెక్కి పురుగులకు విందగునది. దానిని పారవేసి, పాలను కదలింపక ఉంచి, అడుగున పేరిన పిండిని తీసికొనవలెను. ఒక పాలు పిండికి నాలుగైదు పాళ్ల నీరు. అరగంట నానిన పిమ్మట సన్నని మంటమీద విడువక కలియబెట్టవలెను. సుమారు 60 డిగ్రీల వేడిలో పిండిరేణువులు నీటిని త్రాగి ఉబ్బును. పాలవలె నున్నది చిక్కబడును. అక్కడితో దింపుట పొరపాటు. ఇంకను ఇరువది నిమిషములు సన్నని సెగను ఉంచి, తెల్లదనము పోయి గాజువలె మెరయునంతవరకు కలుపవలెను. చల్లారిన పిదప పలుచని గుడ్డలో వడకట్టినచో ఉండలు పోవును. చిరిగిన పుటకు పలుచని కాగితము అంటించుటకు దానిని మజ్జిగవలె చేసికొనవలెను. అట్టపై కాగితము వేయుటకు గట్టి పెరుగువలె నుండవలెను. ఎండిన తరువాత తడిగుడ్డ కొంతసేపు వేసినచో ఇది మెత్తబడి విడిపోవును. అదియే దీని గొప్పతనము.

దీని లోపములు రెండు. మూడు నాలుగు దినములలో పులిసిపోవును; పులిసినదానిని నీళ్లు కలిపి వాడువారు కలరు, అది కూడని పని. రెండవది, పురుగులకు ఇది ఆహారము. వెండివలె మిలమిలలాడు రెక్కలులేని చిన్న పురుగు, బొద్దింక, చెదపురుగు, మూడింటికిని ఇది ఇష్టమే. అందుకే పాత దఫ్తరీలు జిగురులో మైలుతుత్తము కలిపెడివారు. నీలపు రంగు దానివలననే. పురుగు దూరమగునుగాని రాగి లవణము ఆమ్లగుణము కలదగుటచే కాలక్రమమున కాగితమును పెళుసుబారజేయును. పటిక కలుపుటయు నట్టిదే. విషమగుటచే వంటగిన్నెలో కలుపుట ప్రమాదముకూడ. న్యూఢిల్లీలోని జాతీయ అభిలేఖాగారమువారు దస్త్రముల మరమ్మతునకు వాడిన డెక్స్ట్రిన్ జిగురులో లవంగ తైలమును, బేరియమ్ కార్బొనేటును చేర్చెడివారు. ఇవియు ప్రయోగశాలకు తగినవేగాని పిల్లలు తిరుగు ఇంటికి తగవు. జిగురును పలుచగా పూయుట, పుస్తకమును ఆరిన చోట ఉంచుట, నెలకొకసారి తీసి దులుపుట, ఈ మూడును మైలుతుత్తముకంటె మేలు చేయును.

సీసాలోని తెల్లని జిగురు పాలీవినైల్ ఎసిటేట్ అను పదార్థము. 1912లో జర్మనీలో ఫ్రిట్జ్ క్లాట్టె అను శాస్త్రజ్ఞుడు దీనిని కనుగొనెను. భారతదేశమున 1959లో వెలువడిన ఫెవికాల్ పేరుతో ఇది ఇంటింటికి తెలిసినది. వండనక్కరలేదు, పులియదు, పురుగు ముట్టదు, ఎండినను వంగును. ఇన్ని సుగుణములున్నను, ఒకసారి కాగితపు పోగులలోనికి దిగి ఎండెనా, నీటితో దానిని మరల రప్పింప శక్యము కాదు. వడ్రంగమునకు ఇది గుణమే. పాత పుస్తకమునకు గొప్ప దోషము. ఫారముల మడతలమీద తెల్లజిగురు దట్టముగా పోసిన పుస్తకమును మరల కుట్టవలెనన్న మడతలనే కోసివేయవలసివచ్చును. ఇది కాక కాలము గడచినకొలది అందుండి ఆమ్లము వెలువడుట కలదు. పుస్తకములకై ప్రత్యేకముగా చేసిన రకములలో ఈ దోషము తక్కువ.

అయినను దీనిని బొత్తిగా త్రోసివేయుట న్యాయము కాదు. నేడు తెలుగునాట అచ్చగు పుస్తకములలో అధికభాగము కుట్టులేనివి. మడతలు కోసి, వెన్నును గరుకుచేసి, కరిగించిన వేడిజిగురు పూసి అట్ట అంటింతురు. నాలుగుసార్లు విప్పి చదివినచో ఆకులు ఊడివచ్చును. అట్టిదానికి తిరిగి కుట్టుటకు మడతయే లేదు. పిండిజిగురు దానికి చాలదు. అచ్చట తెల్లజిగురే సరియైనది. ఆకుల దొంతిని రెండు అట్టల నడుమ బిగించి, విసనకఱ్ఱవలె ఒకవైపు వంచి పలుచగా పూసి, మరల రెండవవైపునకు వంచి పూయవలెను. అట్లు చేసినచో ఒక్కొక్క ఆకు అంచున వెండ్రుకవాసి మేర జిగురు దిగి, ఆకు ఆకును పట్టుకొనును. ఒక్కటే మాట: మరల దొరకు పుస్తకమునకు తెల్లజిగురు, మరల దొరకనిదానికి పిండిజిగురు అని పెట్టుకొనుట సుఖము.

తక్కినవానిని గూర్చి ఎక్కువ చెప్పనక్కరలేదు. పశువుల చర్మము, ఎముకలు ఉడికించి తీసిన సరేసును పూర్వపు బైండరులు వెన్నునకు వాడిరి. దానిని రాత్రి చల్లని నీటిలో నానబెట్టి, నీళ్లగిన్నెలో వేరొక గిన్నె ఉంచి కరిగింపవలెను. తెర్లించినచో పటుత్వము పోవును. వాసనకు ఓర్చుకొనగలవారికి అది మంచిదే. వేడినీటితో విడుచును గూడ. తుమ్మబంక తపాలా కవరులకు చాలును. ఛత్తీసుగఢు అడవులు బంకలకు పెట్టినది పేరు. కాని చెట్టుబంక ఏదియైనను ఎండినపిదప పెళుసగును. మే నెలలో 40 డిగ్రీలు దాటు రాయపూరు వేడికి అది వెన్నుమీద పలుకులు పలుకులుగా రాలును. పారదర్శకమైన అంటుపట్టీ, అనగా సెల్లోటేపు, జిగురులన్నింటిలోను పుస్తకమునకు పరమ శత్రువు. కొన్నేండ్లకు పట్టీ ఊడిపడును, అందలి జిగురుమాత్రము కాగితములోనికి ఇంకి, గోధుమరంగు మరకయై అక్షరములమీద నిలిచిపోవును. చిరిగిన పుటను అట్లే ఉంచుటయైనను మేలు.

పూయు విధమునకు వచ్చెదము. వస్తువు మంచిదైనను చేయి తొందరపడినచో పని చెడును. ముందుగా కాగితమునకు పడుగు పేకలు కలవని తెలియవలెను. మరకాగితములో పోగులు ఒకే దిశగా పడియుండును. తడిసినపుడు ఆ పోగులు పొడవునకుగాక అడ్డమునకు ఉబ్బును. కాగితమునుగాని అట్టనుగాని రెండువైపులకును మెల్లగా వంచి చూచినచో, ఏ వైపు సులువుగా వంగునో ఆ మడతకు సమాంతరముగా పోగులున్నవని అర్థము. అట్టకును, పైకాగితమునకును, లోపలి అస్తరు కాగితమునకును ఆ దిశ పుస్తకపు వెన్నుకు సమాంతరముగా నుండవలెను. ఇది తప్పినచో ఎంత మంచి జిగురైనను అట్ట వంకరపోవును. ఆకులు అలలు తీరును. నేర్పరులనిపించుకొన్నవారి పనిలోనుకూడ ఈ దోషమే ఎక్కువగా కానవచ్చును.

కుట్టిన ఫారములను వెన్ను సమముగా నుండునట్లు తట్టి, బరువుక్రింద బిగించి, వెన్నుకు మొదటిపూత పలుచగా వేయవలెను. ఫారముల సందులలోనికి కొద్దిగా దిగవలెను గాని ఆకులలోనికి ప్రాకరాదు. పుస్తకము పాతదైనచో మొదటిపూత పిండిజిగురే కావలెను. దానిపై పలుచని జాలిగుడ్డ, దానిపై కాగితము. ఈ పై పొరలకు కొంత తెల్లజిగురు కలిపిన మిశ్రమము వాడినను హాని లేదు. క్రిందనున్న పిండిపొర ఎప్పుడైన తడిపి విప్పుటకు వాకిలివలె పనికివచ్చును.

అస్తరు కాగితమును మొదటి ఫారమునకు చేర్చునపుడు అంచున నువ్వుగింజ పొడవంత వెడల్పునకే జిగురు చాలును. వేరొక కాగితమును అంతమేర విడిచి పైన పరచి, కుంచెతో లోపలినుండి అంచునకు లాగినచో గీటు గీచినట్లు వచ్చును. విశాలమైన కాగితమునకు నడుమ ప్రారంభించి అంచులకు పూయవలెను. అంచునుండి లోనికి లాగినచో జిగురు క్రిందికి చేరి ముఖమును మరకచేయును. క్రింద పరచిన పాతపత్రికను ప్రతిసారి మార్చవలెను. పొదుపునకై ఒకే కాగితముమీద రెండుసార్లు పని చేసినవాడు మూడవసారి కొత్త కాగితమునే పాడుచేయును. పత్రిక సిరా అంటును గనుక అచ్చులేని కాగితమైన మరియు మంచిది.

పూసిన వెంటనే అంటింపరాదు. తడిసిన కాగితము మొదట చుట్టుకొనును, పిమ్మట సాగి మెత్తబడి చదునగును. ఒకటి రెండు నిమిషములు ఓపికపట్టి, చదునైన పిదప వేసినచో బుడగలు రావు. ఆరునపుడు అది మరల ముడుచుకొని అట్టను తనవైపు లాగును. వెలుపలి గుడ్డ అట్టను వెలుపలికి వంచును; లోపలి అస్తరు కాగితము దానిని మరల లోనికి లాగి సరిచేయును. ఈ రెండు లాగుళ్ల సమత్వమే నిలువుటట్ట. బైండుచేసిన మరునాడు అట్ట విల్లువలె వంగినచో అట్టను నిందింపక, లోపలి కాగితము పలుచనిదేమో చూడవలెను.

రాయపూరు ఋతువులు ఈ పనికి కొన్ని నియమములు విధించును. వైశాఖ జ్యేష్ఠములలో వడగాడ్పునకు కుంచెమీదనే జిగురు ఎండిపోవును. అప్పుడు తెల్లవారుజామున పనిచేయుట, పంకా నిలిపివేయుట అవసరము. శ్రావణ భాద్రపదములలో ఒక అట్ట ఆరుటకు రెండుమూడు దినములు పట్టును. పిండిజిగురుమీద బూజు పట్టుటయు అప్పుడే. ఆ రెండు నెలలు కుట్టుపని చేసికొని, జిగురుపనిని దసరా తరువాతకు ఉంచుట వివేకము. కార్తికమునుండి ఫాల్గునమువరకు ఈ పనికి ఇచ్చట మంచికాలము.

అట్టవేసిన పుస్తకమును రెండువైపులను మైనపు కాగితముంచి, చదునైన పలకల నడుమ బరువు పెట్టి ఒక రాత్రియంతయు కదల్పరాదు. సన్నెకల్లైనను చాలును. ఉదయమున మైనపు కాగితము మార్చి మరియొక దినము. తీసిన వెంటనే నడుమకు విప్పి చూడవలెనని పిల్లలకు ఉబలాటముండును. అట్లు విప్పినచో వెన్ను అక్కడనే విరుగును. పుస్తకమును వెన్నుమీద నిలిపి, ముందొక పది ఆకులు, వెనుకనొక పది ఆకులు మెల్లగా ఇరుప్రక్కలకు వాల్చి, వేలితో వెన్నువెంబడి నొక్కుచు, అటొకసారి ఇటొకసారి నడుమకు చేరుకొనవలెను.